తెరమీది పందెంలో న్యాయం

(ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. పిల్లల పద్యాలూ విన్నాం. ఇక కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం మాత్రం కొంచెం కొత్తది. మన ఇళ్లలో కుర్రవాళ్లు బల్లకు స్టీరింగు బిగించుకొని, కాళ్లకింద బ్రేకు పెట్టుకొని, కంప్యూటరు తెరమీద ఆడే కార్ల పందేలను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. దానిని వాళ్లు సిమ్ రేసింగ్ అంటారు. పెద్దలకు అది వట్టి కాలక్షేపం, పిల్లలకు ప్రాణం. వారికీ వీరికీ రాజీ కుదర్చడం నా పని కాదు. అయితే ఆ ఆటలో ఒక పాత ప్రశ్న కొత్త వేషం వేసుకొని వచ్చింది. ఆట ఎంత నిజంగా ఉంటే అంత న్యాయంగా ఉంటుందా? ఈ ఒక్క ప్రశ్ననే మీ ముందు విచారించదలచాను.

ముందుగా నిజం సంగతి చూద్దాం. ఈ పందెపు బాటలు ఊహించి గీసిన బొమ్మలు కావు. అసలు బాటమీదికి వెళ్లి, లేసరు కిరణాలతో ప్రతి ఎత్తుపల్లాన్నీ కొలిచి, ఆ కొలతలనే కంప్యూటరులోకి ఎక్కిస్తారు. టైరు వేడెక్కితే పట్టు మారుతుంది. పెట్రోలు తరిగితే బండి తేలికవుతుంది. ముందు చక్రాలు జారితే చేతిలోని స్టీరింగు సడలిపోయి ఆ సంగతి తెలియజేస్తుంది. ఇదంతా ఎంత నిజమంటే, 2011లో తెరమీది పోటీ నెగ్గిన జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిషు యువకుడిని నిస్సాన్ కంపెనీవారు శిక్షణ ఇచ్చి అసలు కారు ఎక్కించారు. 2013లో అతను ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో, తన తరగతిలో మూడవ స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. కనుక ఈ విద్య వట్టి బొమ్మలాట అని తోసివేయడానికి వీలులేదు.

అయితే అదే యువకుడి జీవితంలో మరొక తేదీ ఉన్నది. 2015 మార్చి నెలలో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ బాటమీద అతను నడుపుతున్న కారు గాలిలోకి లేచి, కంచె దాటి, జనం నిలిచిన చోట పడింది. ఒక ప్రేక్షకుడు మరణించాడు. ఈ మాట ఆ డ్రైవరును నిందించడానికి చెప్పడం లేదు. తెరమీద అదే బాట ఉన్నది, అదే మిట్ట ఉన్నది, కారు అలాగే లేస్తుంది. కాని అక్కడ మీట నొక్కితే బండి మళ్లీ కొత్తదై నిలుస్తుంది. లేసరు కిరణం రోడ్డును కొలవగలదు గాని ప్రాణభయాన్ని కొలిచి తేలేదు.

ఆ భయం లేకపోవడమే ఈ ఆటకు సౌఖ్యమూ, చిక్కూ కూడాను. నిజమైన పందెంలో పక్కవాడిని గుద్దితే తన కాలూ విరగవచ్చు, తన డబ్బూ పోవచ్చు. అందుచేత మర్యాద తెలియనివాడు కూడ కొంత మర్యాదగా నడుపుతాడు. తెరమీద ఆ కళ్లెం లేదు. మొదటి మలుపులో నలుగురిని గుద్ది, నవ్వుకొని, ఆట కట్టివేసి పోయేవాడు ఉంటాడు. వాడికి పోయినదేమీ లేదు. వారమంతా ఆ బాటమీద సాధన చేసి, సాయంత్రం పందానికి కూర్చున్న వేరొక కుర్రవాడి శ్రమ మాత్రం మట్టిలో కలిసింది.

దీనికి ఆటను నడిపేవారు ఒక ఉపాయం కనిపెట్టారు. ఐరేసింగ్ అనే అమెరికా సంస్థ 2008 నుంచి ఈ పందేలను జనానికి అందిస్తున్నది. అందులో చేరినవాడికి ముందు అన్నింటికన్న కింది తరగతి లైసెన్సు ఇస్తారు. శుభ్రంగా నడిపినకొద్దీ పై తరగతికి పోతాడు. బాట దిగితే ఒక తప్పు పాయింటు, బండి గిరగిర తిరిగితే రెండు, తారుబాటమీద మరొక బండికి గట్టిగా తగిలితే నాలుగు. ఎన్ని మలుపులు దాటాడు, అందులో ఎన్ని తప్పులు వచ్చాయి అని లెక్కకట్టి అతని భద్రతా యోగ్యత నిర్ణయిస్తారు. ఎంత వేగగాడో తేల్చే లెక్క వేరే ఉంటుంది. మన కృష్ణా గుంటూరు జిల్లాల బండలాగుడు పోటీలలో రెండు పళ్ల ఎడ్లు, నాలుగు పళ్ల ఎడ్లు, ఆరు పళ్ల ఎడ్లు అని విడదీసి జతలను దింపుతారు చూడండి, ఇదీ అటువంటిదే. సమానుల మధ్య జరిగినదే పోటీ. తక్కినది వట్టి ప్రదర్శన.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. రెండు బండ్లు గట్టిగా తగిలినప్పుడు తప్పు ఎవరిదని యంత్రం అడగదు. గుద్దినవాడికీ నాలుగే, గుద్దించుకున్నవాడికీ నాలుగే. ఇదేం న్యాయం అని పిల్లలు మండిపడతారు. వాళ్ల కోపంలో అర్థం ఉన్నది. అయినా రెండవ పక్షం కూడ వినాలి. రోజూ వేల పందేలు జరిగేచోట ప్రతి తగాదాకూ న్యాయాధిపతిని కూర్చోబెట్టడం సాధ్యం కాదు. తప్పు ఎదుటివాడిదే అని వాదించడానికి ఎవరికైనా నోరు ఉంటుంది. యంత్రం ఆ వాదం వినకపోవడం చేత డ్రైవరు ఒక పాఠం నేర్చుకుంటాడు: దారి నాదే అయినా, పక్కవాడు పిచ్చిగా వస్తున్నప్పుడు ఒక అడుగు తగ్గడం లాభం. సంతకు పోయే బండిబాటమీద మన తాతలు పాటించిన నీతి కూడ ఇదే గదా! అయితే కావాలని గుద్దినవాడిని వదలిపెట్టరు. బాధపడినవాడు పందెం రికార్డుతో ఫిర్యాదు చేసుకోవచ్చు. అప్పుడు మనుషులే చూసి తీర్పు చెబుతారు. లెక్క యంత్రానిది, తీర్పు మనిషిది. ఈ విభజన బాగున్నదని నా అభిప్రాయం.

తీర్పు చెప్పేవారికి కూడ ఒక పెద్ద చిక్కు ఉన్నది. ఇది మనవంటి దూరపువారికి బాగా తగిలే చిక్కు. పందెం జరిగే సర్వరు జర్మనీలో ఉన్నదనుకోండి. ఇక్కడి నుంచి సంకేతం అక్కడికి పోయి రావడానికి సెకనులో పదవవంతుకు పైగానే పడుతుంది. ఎంత స్వల్పం అనుకోవద్దు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 50 మీటర్లు పోతుంది. సెకనులో పదవవంతు అంటే 5 మీటర్లు. ఒక మామూలు కారు పొడవుకన్న ఎక్కువే. ఆ ఖాళీని కంప్యూటరు అంచనాతో నింపుతుంది. ఎదుటి బండి ఇప్పుడు ఇక్కడ ఉండాలి అని లెక్కవేసి బొమ్మ చూపుతుంది. అంచనా తప్పితే, ఒకడి తెరమీద బండ్లు తగిలినట్టు, వేరొకడి తెరమీద జానెడు సందు ఉన్నట్టు కనబడుతుంది. అప్పుడు “వాడు నన్ను గుద్దాడు” అనేవాడూ, “నేను తాకనైనా లేదు” అనేవాడూ ఇద్దరూ కన్నదే చెబుతున్నారు. కళ్లారా చూచిన ఇద్దరు సాక్షులు, ఇద్దరూ సత్యవంతులే, సాక్ష్యాలు మాత్రం పొసగవు! అందుచేత సంకేతం దూరం నుంచి వచ్చేవాడు పక్కవాడికి కొంచెం ఎక్కువ చోటు వదలి నడపడం మర్యాద.

తీగ తెగితే ఎంతటివాడికైనా గతి ఒకటే. 2023 జనవరిలో తెరమీద జరిగిన లె మాన్ 24 గంటల పందెంలో, నిజమైన ఫార్ములా వన్‌లో ప్రపంచ విజేత అయిన మాక్స్ వెర్స్టాపెన్ ముందంజలో ఉండగా సర్వరుతో సంబంధం తెగిపోయింది. అతను కోపించి పందెం మానుకున్నాడు. నిజమైన పందెంలో ఇంజను చెడిపోవడం ఆటలో భాగం. మరి తీగ తెగడం ఆటలో భాగమా, ఆటకు బయటిదా? దీనికి నిజమైన బాట వైపు చూచి జవాబు తెచ్చుకోవడానికి వీలులేదు. పందెం మొదలుకాకముందే నియమం రాసి పెట్టుకోవలసిందే.

ఇక డబ్బు సంగతి. నిజమైన మోటారు పందెం న్యాయమైనదని మనం అనుకుంటే పొరపాటు. డబ్బున్న జట్టుకు మంచి కారు, లేని జట్టుకు వెనుక వరుస. దానిని ఉన్నదున్నట్టు నకలు తీస్తే అన్యాయాన్ని కూడ నకలు తీసినట్టే. ఈ మాట మన కోయంబత్తూరులో చెప్పడానికి తగిన కారణం ఉన్నది. ఈ ఊరి పారిశ్రామిక కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ గారు 1980ల చివరలో మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అనే చిన్న పందెపు కారు తయారుచేశారు. తక్కువ ఖర్చు, అందరికీ ఒకే జాతి బండి. గెలుపు కొంతైనా చేతివాటం మీద ఆధారపడాలంటే అదే మార్గం. 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన మొదటి భారతీయుడు, మన ఊరివాడైన నరైన్ కార్తికేయన్ కూడ తొలిరోజులలో ఆ బండినే నడిపాడు. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ గారు పోయారు. చెట్టిపాళయం దగ్గర 2003లో తెరచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

తెరమీది పందెంలో ఆ సమానత్వం సులభంగా దొరుకుతుంది. ఒకే కారు, ఒకే బిగింపులు అని నియమం పెడితే చాలు, ఎవరూ స్ప్రింగు ఒకటి మార్చలేరు. అయితే డబ్బు తలుపు దగ్గర ఆగి, కిటికీలోంచి వస్తుంది. ఒకడికి మూడు తెరలు, బరువైన స్టీరింగు, కాలి బలాన్ని తూచే బ్రేకు. ఇంకొకడికి ఒక్క చిన్న తెర, ప్లాస్టిక్కు పెడలు. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మంచి పరికరం వల్ల చెయ్యి నిలకడగా ఉంటుంది, నిజమే. కాని బ్రేకు ఎక్కడ వేయాలో, పక్కవాడికి చోటు ఎంత ఇవ్వాలో అది నేర్పదు. అప్పుచేసి కొనవలసిన వస్తువు కాదు. నేర్చుకొనే రోజులలో చిన్న స్టీరింగుతో, అందరికీ ఒకే బండి ఇచ్చే పందేలలో ఆడనివ్వండి.

చివరగా అసలు సంగతికి వస్తాను. 2020లో కరోనా వలన పందేలన్నీ ఆగిపోయినప్పుడు, ఫార్ములా ఇ అనే విద్యుత్ కార్ల పోటీవారు తమ డ్రైవర్లను ఇళ్లనుంచి తెరమీద ఆడించారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున పందెం జరిపినది కూడ ఈ ఫార్ములా ఇ వారే. ఆ ఇంటి పందేలలో, 2020 మే 23న, డేనియల్ ఆప్ట్ అనే జర్మను డ్రైవరు మూడవవాడుగా వచ్చాడు. తోటివారికి అనుమానం వచ్చింది. విచారిస్తే ఏమి తేలింది? స్టీరింగు పట్టినది ఆప్ట్ కాదు, తెరమీది ఆటలో ఆరితేరిన వేరొక యువకుడు. నవ్వులాటకు, వీడియో తీయడానికి చేశానని ఆప్ట్ చెప్పుకున్నాడు. పోటీవారు అతన్ని అనర్హుడిగా తేల్చి, పదివేల యూరోలు ధర్మకార్యాలకు ఇమ్మన్నారు. అతని జట్టు ఆడి కంపెనీ అతన్ని నిజమైన కారులోనుంచే దింపివేసింది. పందెం బొమ్మది, శిక్ష మాత్రం నిజమైనది.

ఈ కథ మనకు కొత్తదా? భారతం సభాపర్వంలో దుర్యోధనుడు, ధనం నేను ఒడ్డుతాను, పాచికలు మా మామ వేస్తాడు అన్నాడు. ఒకడి కోసం ఇంకొకడు ఆడడం సరికాదని ధర్మరాజు అననే అన్నాడు. అని కూడ కూర్చున్నాడు. తరువాత జరిగినది మీకందరికీ తెలుసు. అన్యాయం పాచికలు దొర్లకముందే జరిగిపోయింది. ఆడుతున్నది ఎవరు అనే నియమాన్ని వదులుకున్నప్పుడే ఆట చెడింది.

కనుక నా ప్రశ్నకు నా జవాబు ఇది. నిజమూ న్యాయమూ ఒకటి కావు. రోడ్డూ, టైరూ, వానా ఎంత నిజంగా ఉంటే అంత మంచిదే. వాటిని కొలిచి తేవచ్చు, డబ్బిచ్చి కొనవచ్చు. న్యాయాన్ని మాత్రం ఆడేవాళ్లు కూర్చొని తామే కట్టుకోవాలి. ఒకే తరగతివాళ్లను కలపాలి, నియమాలు ముందుగా రాసుకోవాలి, రికార్డు చూచి తీర్పు చెప్పాలి, తీర్పు వచ్చాక తలవంచాలి. ఇవి లేనిచోట ఎంత నిజమైన తెర అయినా వట్టి గుద్దులాటే.

పొరుగు రాష్ట్రంలో తరతరాలుగా బతుకుతున్న మనకు ఇది సులభంగా అర్థం కావాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మన పెద్దలు ఈ ఊరు వచ్చినప్పుడు వారిని ఎరిగినవారు లేరు; ఆడిన మాట నిలుపుకోవడం తప్ప వారికి వేరే జామీను లేదు. ఈనాడు మన పిల్లవాడు ముఖం తెలియని ముప్పయిమంది మధ్య, బ్రెజిలువాడి పక్కన, జపానువాడి వెనుక బండి నడుపుతున్నాడు. అక్కడ వాడి ఇంటిపేరు ఎవరికీ పట్టదు. వాడు మలుపులో పక్కవాడికి చోటు వదిలాడా లేదా అన్నదే వాడి పేరు.

అందుచేత పెద్దలకు నా మనవి. పందెం ముగిసి పిల్లవాడు లేచి వచ్చినప్పుడు “ఎన్నోవాడివి వచ్చావురా?” అని అడగండి, తప్పులేదు. ఆ వెంటనే “ఎవరినైనా గుద్దావా? గుద్దితే క్షమించమన్నావా?” అని కూడ అడగండి. రెండవ ప్రశ్న అడిగే ఇల్లున్న కుర్రవాడు తెరమీదా, రేపు అసలు రోడ్డుమీదా, నలుగురికీ నమ్మదగినవాడవుతాడు.