సోలాపూర్ చార్ పుత్లా చౌక్

(జనవరి 12న మన సంఘం సభలో కార్యదర్శి చేసిన ప్రసంగం)



మన పద్మనగర్‌లో సోలాపూర్ చుట్టరికం ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. పెళ్ళిళ్ళకో, సంక్రాంతికి సిద్ధేశ్వరుని జాతరకో వెళ్ళివస్తుంటాం. కోట చూస్తాం, చెరువు చూస్తాం, చద్దర్లు కొనుక్కుంటాం. ఆ ఊళ్ళోనే జనం 'చార్ పుత్లా' అని పిలుచుకునే చౌరస్తా ఉంది. దాని అసలు పేరు చార్ హుతాత్మా చౌక్. అక్కడ విగ్రహాలై నిలిచిన ఆ నలుగురు ఎవరో మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనది.

1930 మే నెల మొదట్లో, ఉప్పు సత్యాగ్రహ కాలంలో, గాంధీజీని అరెస్టు చేశారు. సోలాపూర్ మిల్లు కార్మికులు మే 7న సమ్మెకు దిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. జనం ఠాణాల మీదా, కోర్టు మీదా తిరగబడ్డారు. కొద్దిరోజులు ఊళ్ళో తెల్లవాడి అధికారం సాగలేదు. చివరకు ప్రభుత్వం మార్షల్ లా పెట్టి ఊరిని సైన్యం చేతిలో పెట్టింది.

ఇద్దరు పోలీసుల హత్య కేసును మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిషన్ సారడా, జగన్నాథ్ శిందే, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్‌ల మీద మోపారు. 1931 జనవరి 12న పుణెలోని ఎరవాడ జైలులో నలుగురినీ ఉరితీశారు. కుర్బాన్ హుసేన్ మిల్లు కార్మికుల నాయకుడు. 'గజన్ఫర్' అనే పత్రిక నడిపాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా నిండలేదు.

ఒకరు లింగాయతు, ఒకరు మార్వాడీ, ఒకరు మరాఠా, ఒకరు ముస్లిం. నలుగురూ ఒకే రోజు, ఒకే జైలులో ప్రాణాలిచ్చారు. అందుకే ఆ ఊరు నలుగురినీ ఒక్కచోటే నిలబెట్టుకుంది.

ఇక మన భివండీ సంగతి చూడండి. 1970లో, మళ్ళీ 1984లో ఇక్కడ మత కల్లోలాలు జరిగాయి. ప్రాణాలు పోయాయి, ఇళ్ళు కాలాయి. మనది మీటరు లెక్క కూలి. కర్ఫ్యూలో సాంచాలు ఆగితే తెలుగువాడికీ కూలి లేదు, అన్సారీకీ లేదు, మరాఠీ కార్మికుడికీ లేదు. అప్పు మాత్రం అందరి ఇంటికీ వచ్చింది. రేటు పెంచమని ఒక్కో కులంవాళ్ళం, ఒక్కో మతంవాళ్ళం విడిగా వెళితే యజమానికి మనల్ని తిప్పి పంపడం సులువు. అందరం ఒక్కటిగా వెళితే కూర్చోబెట్టి మాట్లాడక తప్పదు.

కాబట్టి ఈసారి సోలాపూర్ వెళ్ళినప్పుడు పిల్లలను ఆ చౌక్ దగ్గరకు తీసుకువెళదాం. నాలుగు పేర్లూ వాళ్ళచేత చెప్పిద్దాం. ఇక్కడ రేటు మాటలకు కూర్చునే రోజున, పక్క సాంచా మీద పనిచేసే కార్మికుడిని, అతడు ఏ మతంవాడైనా, మన వెంట తీసుకువెళదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!