సుడాన్ యుద్ధం – మన ఇంటి బంగారం





2025 సెప్టెంబరు 19, శుక్రవారం. సుడాన్ దేశపు దార్ఫుర్ ప్రాంతంలోని అల్ ఫాషిర్ నగరంలో, ఫజ్ర్ నమాజు వేళ ఒక మస్జిదుపై డ్రోన్ దాడి జరిగింది. డెబ్బై మందికి పైగా మరణించారు. ఆ దేశంలో పోరాడుతున్న ఇరుపక్షాల వారూ కలిమా చదివినవారే.

యుద్ధమంటే రెండు రాజ్యాల సేనలు సరిహద్దున ఎదురెదురుగా నిలవడమని మన పెద్దలు ఎరుగుదురు. నేటి ప్రాంతీయ యుద్ధాలు అలా లేవు. సైన్యాధిపతి అబ్దుల్ ఫత్తాహ్ అల్ బుర్హాన్, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అధిపతి ముహమ్మద్ హమ్దాన్ దగలో 2021లో కలిసి అధికారాన్ని చేజిక్కించుకున్నారు. 2023 ఏప్రిల్ 15న, అదీ రంజాన్ చివరి పది దినాలలో, వారి సేనలే పరస్పరం తలపడ్డాయి. రాజధాని ఖార్తూమ్ వీధులే రణరంగమయ్యాయి. పోరుకు ఎంతో దూరాన ఉన్న పోర్ట్ సుడాన్ నగరాన్ని సైతం 2025 మే నెలలో డ్రోన్లు వదలలేదు. అల్ ఫాషిర్ ముట్టడి దాదాపు ఏడాదిన్నర సాగింది. తిండి లేక అక్కడి జనం వేరుశనగ చెక్క తిన్నారు. మన పల్లెల్లో అది గొడ్లకు పెట్టే మేత.

హజ్రత్ అబూబక్ర్ (రజి) సిరియా వైపు సైన్యాన్ని సాగనంపుతూ స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదని, ఫలవృక్షాలను నరకరాదని ఆదేశించారు. అది ఖడ్గాల కాలపు మాట అని కొందరంటారు. మేము అంగీకరించము. డ్రోను నడిపేవాని ఎదుట తెర ఉంటుంది. ఖడ్గధారి కన్నా దూరం చూడగలిగినవానికి బాధ్యత ఎలా తగ్గుతుంది?

ఇక ఈ యుద్ధానికి ధనం ఎక్కడిది? చాలావరకు బంగారం నుండే. సుడాన్ గనుల బంగారం ఉభయపక్షాలకూ ఆదాయమిస్తోంది. అందులో అధికభాగం ఎమిరేట్స్ మార్కెట్లకు చేరుతోంది. ఒకసారి కరిగించాక అది ఏ గనిదో నగను చూసి చెప్పలేము. గల్ఫ్ నుండి మన యువకులు తెచ్చే గొలుసులో, మన నికాహ్‌లలో లెక్కించే తులాలలో అది లేదని ప్రమాణం చేయగలమా? మేము ఫత్వా ఇవ్వడం లేదు; అది ఉలమాల పని. కాని అమ్మాయికి ఎన్ని తులాలు పెడతారని బేరమాడే నోటికి (ఆ బేరం ఎటూ తగనిదే) ఈ ప్రశ్న కూడా అడ్డు రావాలి.

విశ్వాసులలోని రెండు వర్గాలు పోరాడితే వారి మధ్య సంధి చేయమని సూరె హుజురాత్ 9వ ఆయత్ ఆదేశం. ఆ సేనానులను కూర్చోబెట్టే శక్తి మనకు లేదు. సుడాన్ శరణార్థులకు సదఖా పంపే శక్తి మనలో చాలామందికి ఉంది.

యా అల్లాహ్! అల్ ఫాషిర్ మస్జిదులో మరణించినవారిని మన్నించు. ఇల్లు విడిచిన సుడాన్ తల్లులను, బిడ్డలను క్షేమంగా వారి ఊళ్లకు చేర్చు. ఆమీన్.