కందెన చిక్కదనము



ఇరుసునకు కందెన లేనిదే బండి సాగదని మనకు తెలియనిది కాదు. అయితే నూనె చిక్కదనము సదా ఒక్కతీరున నుండదు. చలికాలపు టుదయమున సీసానుండి మెల్లగా జారు ఆముదము, పొయ్యిదగ్గర నుంచినచో ధారగా పారును. ఈ చిక్కదనమునే శాస్త్రజ్ఞులు స్నిగ్ధత యందురు.

వేడి దానిని తగ్గించును. ఇంజనులలో వాడు సాధారణమైన 40 నంబరు నూనెకు 40 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద నున్న స్నిగ్ధతలో, 100 డిగ్రీలవద్ద సుమారు పదవవంతే మిగులును.

ఒత్తిడి దానిని పెంచును. అమెరికా శాస్త్రజ్ఞుడు కార్ల్ బారస్ ఈ విషయమును పరిశోధించి 1893లో ప్రకటించెను. పళ్లచక్రముల పళ్లు ఒరయుచోట ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి వేలరెట్లుండును. అచ్చట వెంట్రుకకంటె నెన్నోరెట్లు పలుచనైన నూనెపొర క్షణకాలము గట్టిపడి, ఉక్కు ఉక్కును తాకకుండ కాపాడును.

కావున రైతుసోదరులారా! వేడి ఇంజనులోని నూనె పలుచగా నున్నదని మరింత చిక్కనిది పోయరాదు. మరునాటి చలిలో అది సన్నని సందులకు ఆలస్యముగా చేరును. ఆలోపల లోహ మరిగిపోవును. ఇంజను తిరుగగానే పూర్తి బరువు మోపరాదు. చల్లార్చు నీరు చాలకున్న నూనె మితిమీరి పలుచబడి, పొర తెగి, బేరింగు పట్టివేయును. పైరు ఎండునప్పుడు ఆ నష్టము మనదే.

తగిన నూనె నంబరు ఇంజనుతో వచ్చిన చిన్నపుస్తకమున నుండును. దాని నటకపై పడవేయక చదువుడు. చదువురాని పొరుగువారికి వినిపింపుడు. అదియు గ్రంథాలయ సేవయే.