కళాశాల గ్రంథాలయానికి ముందుచూపు
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన సంఘం కాలేజీ లైబ్రరీకి విరాళమివ్వ తలచింది. సంతోషం. అయితే ప్రణాళిక అనగానే మనం బీరువాలు లెక్కపెడతాం. లెక్కపెట్టవలసింది చదువరులను. పుస్తకమున్నది వాడుకోవడానికేనని రంగనాథన్ గారు 1931లోనే తమ అయిదు సూత్రాలలో మొదటిదిగా చెప్పారు.

నా వద్ద ఉర్దూలో పదో తరగతి ప్యాసయిన కుర్రవాడు కాలేజీలో ఇంగ్లీషు పుస్తకం తీసుకుని, రెండు పేజీలు తిప్పి, తిరిగి ఇచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తెలివి లేక కాదండీ, చేతికి నిఘంటువు అందక. నిఘంటువు ఉంది, బీరువాలో, తాళం వేసి!

కాబట్టి మూడేళ్ళ ప్రణాళిక కోరుదాం. మొదటి ఏడు, అడిగినా దొరకని పుస్తకాల పేర్లు రాసిపెట్టాలి. రెండో ఏడు ఆ జాబితా ప్రకారమే కొనాలి. మూడో ఏటినుంచి, పగలు దుకాణాల్లో పనిచేసే పిల్లల కోసం సాయంత్రాలూ తెరవాలి.

తాళం మాత్రం రేపే తీయాలి.