కరువు పని మనది, పార్కు ఎవరిది?



ఉపాధి హామీ పనిని మనం ఇప్పటికీ కరువు పని అంటాం. ఆ పేరు ఊరికే రాలేదు. 1876-78 ధాత కరువులో తెల్లదొరలు క్యాంపులు పెట్టి పని చేయించారు. రిచర్డ్ టెంపుల్ అనే దొర మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. మద్రాసులో బకింగ్‌హామ్ కాలువ ముక్క ఒకటి అలాంటి కూలీలే తవ్వారు. కాలువ దొర పేరు మీద ఉంది, తవ్వినోళ్ల పేరు ఎక్కడా లేదు.

అమెరికాలో కూడా కరువు పని నడిచింది. 1929లో మార్కెట్లు కూలి జనం రోడ్డున పడ్డారు. 1933లో రూజ్‌వెల్ట్ సర్కారు కుర్రాళ్లకు అడవి క్యాంపులు పెట్టింది. నెలకు 30 డాలర్లు, అందులో 25 ఇంటికి పంపాలి. 1942 దాకా దాదాపు 30 లక్షల మంది చెట్లు నాటారు, వందల పార్కులు కట్టారు. అక్కడి ఆదివాసులకు వేరే విభాగం పెట్టారు. వాళ్లు తమ నేల మీదే బావులు, బాటలు, కంచెలు వేసుకున్నారు. ఇది మంచిదే.

కానీ ఆ పార్కుల కింద నేల ఎవరిది? గ్లేసియర్ పార్కు కొండలు బ్లాక్‌ఫీట్ ఆదివాసులవి. 1895లో కొండలు అమ్మినా, వేట, కట్టెల హక్కు ఉంచుకున్నారు. 1910లో పార్కు అన్నారు, ఆ హక్కు పోయిందన్నారు.

మన సంగతికొద్దాం. మన జగ్గయ్యపేట, నందిగామ తండాలు ఏజెన్సీ కాదు. 1/70 లేదు, పెసా లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టానికి ఏజెన్సీ, మైదానం తేడా లేదు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి నేల సాగు చేసుకుంటున్న గిరిజనుడు పట్టా అడగొచ్చు. విచారణ పూర్తికాకుండా ఖాళీ చేయించకూడదు. బడి, అంగన్‌వాడీ, చెరువు, రోడ్డు లాంటి 13 పనులకే ఆ చట్టం కింద హెక్టారు లోపు అడవి నేల ఇవ్వొచ్చు, అదీ గ్రామసభ ఒప్పుకుంటేనే. ఆ 13లో పార్కు లేదు.

అందుకే అడవిలో కందకం తవ్వమన్నా, మొక్కలు నాటమన్నా, మస్టర్‌లో పేరు ఎక్కే ముందు ఒక్క మాట అడగండి: ఈ నేల మీద ఎవరి దరఖాస్తయినా ఉందా? గ్రామసభ తీర్మానం ఏది? కూలి డబ్బులు వారంలో అయిపోతాయి. మన చేత్తో మన చేను చుట్టూ తవ్విన కందకం మాత్రం అట్లాగే ఉంటది.

పని మన హక్కు, వదలొద్దు. పట్టా అంతకంటే ముందు. జోహార్.