కోఠీ రెసిడెన్సీ వెనకాల మాయమైన ఇల్లు



పాతబస్తీ నుంచి మూసీ దాటి కోఠీ వస్తే ఉమెన్స్ కాలేజీ ఉంది కదా, ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. అందులో పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు ఉన్న బిల్డింగ్ రీల్స్‌లో చూసే ఉంటారు. అదే బ్రిటిష్ రెసిడెన్సీ. కట్టించింది ఈస్టిండియా కంపెనీ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్. డబ్బు మాత్రం నిజాంది!

దీని మీద ఒక కథ చెప్తారు. స్థలం కోసం కిర్క్‌పాట్రిక్ ఇంత పెద్ద కాగితం మీద ప్లాన్ గీసుకెళ్తే నిజాం కుదరదన్నాడట. కాగితం సైజు చూసి భయపడ్డాడని ఎవరో చెవిలో వేశారు. అదే ప్లాన్ చిన్న కార్డు మీద గీసి తెస్తే వెంటనే ఓకే.

కానీ ఇవాళ నా కెమెరా స్తంభాల మీద కాదు, వెనక తోట మీద. అక్కడ రంగ్ మహల్ ఉండేది. పాతబస్తీ పెద్దింటి అమ్మాయి ఖైరున్నిసాను కిర్క్‌పాట్రిక్ పెళ్లి చేసుకున్నాడు. కంపెనీ ఎంక్వైరీ కూడా వేసింది. ఆమె కోసం కట్టించిన జనానా అది. పరదాలో ఉండే ఆమె ముందువైపుకి రాలేదు కాబట్టి బంగళా ఎలా ఉందో చూపించడానికి చిన్న మోడల్ కట్టించాడని చెప్పుకుంటారు. బొమ్మరిల్లులా ఉంటుంది, వెళ్తే తప్పకుండా చూడండి.

1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండ్ పంపేశారు. పాపకి మూడేళ్లు. ఆ ఏడాదే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. 1813లో ఖైరున్నిసా పోయింది. పిల్లల్ని మళ్లీ చూడలేదు. 1857 తిరుగుబాటు తర్వాత కొన్నేళ్లకు రంగ్ మహల్‌ని తెల్లదొరలే కూల్చేశారు. ఆ పెళ్లి వాళ్లకి పరువు తక్కువ మరి.

సాహెబ్ ఇల్లు రిపేరు చేసుకుని నిలబడింది. ఆమె ఇంటికి మిగిలింది ఒక గేటు, కాస్త నేల.

ఆ నేలే నాకు ముఖ్యం. ఇల్లు కూల్చి పునాది రాళ్లు ఎత్తుకెళ్లినా, ఆ గాడిలో తర్వాత నిండిన మట్టి రంగు పక్క మట్టిలా ఉండదు. బ్రష్‌తో జాగ్రత్తగా పొరపొరగా తీస్తే గోడ ఎక్కడ నడిచిందో గీత గీసినట్టు కనిపిస్తుంది. వంటగది ఉన్నచోట బూడిద, ఎముకలు, పింగాణీ పెంకులు దొరుకుతాయి. కిర్క్‌పాట్రిక్ గురించి తెలుసుకోవాలంటే కట్టలకొద్దీ ఉత్తరాలున్నాయి, విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’ రాసింది ఎక్కువగా వాటితోనే. ఖైరున్నిసా ఏం తిన్నది, ఏ గదిలో కూర్చున్నది అడగాలంటే ఆ మట్టినే అడగాలి.

పైప్‌లైన్ కోసమో పార్కింగ్ కోసమో జేసీబీ ఒక్క పూట దిగిందా, పొరలన్నీ కలిసిపోతాయి. మళ్లీ పేర్చలేం. అందుకే అక్కడ ఏ గుంత తవ్వినా ముందు ఆర్కియాలజీ వాళ్లు చూడాలని నేనంటాను. మీరు అక్కడ స్టూడెంట్ అయితే, గుంత కనిపిస్తే ఫొటో తీసి పెట్టండి. లోపల చెయ్యి పెట్టకండి, పెంకు కూడా తీయకండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే రెసిడెన్సీ మీద 1857లో దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ సంగతి. ఉంటాను మరి.