బ్యాంకుకు రాసే పరిచయంలో ‘కౌలు రైతు కూతుర్ని’ అనే రాయండి

(రైతు కుటుంబాల విద్యార్థుల కోసం మన సంఘం మండల కమిటీ జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మద్దతు ధర గురించి, యూరియా గురించి, కాలువ నీళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు విషయం వేరు. బ్యాంకులో ఇంటర్న్‌షిప్‌కు అర్జీ పెట్టే పిల్లల్ని ‘మీ గురించి మీరు రాయండి’ అని అడుగుతారు. ఆ ఒక్క పేజీ ఎలా రాయాలన్నదే ఈరోజు మాట. “రైతు సంఘానికి దీంతో పనేముంది?” అని నిన్న ఒకాయన ఫోన్లో అడిగాడు. ఏటా పాస్‌బుక్కు చేతబట్టుకుని బ్యాంకు బల్ల ముందు నిలబడేది మనమే. ఆ బల్ల అవతలికి మన పిల్లలు వెళ్లే దారి గురించి మనం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు? నేను హైస్కూలు దాకా చదివినవాణ్ణి, ఇంగ్లిషు పాఠం చెప్పడానికి రాలేదు. కానీ రైతుల తరఫున తహసీల్దారుకీ, బ్యాంకుకీ ఏళ్ల తరబడి అర్జీలు రాస్తున్నాను. చదివేవాడి కన్ను ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ దాటిపోతుందో కొంచెం తెలుసు.

ముందు ఒక మాట. ఇంటర్న్‌షిప్ అంటే ఉద్యోగం కాదు. కొన్ని నెలలు బ్యాంకులో పని చూసి నేర్చుకోవడం. అప్రెంటిస్ అనేది ఇంకొకటి. అది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద నడుస్తుంది, స్టైపెండ్ ఇస్తారు, పరీక్ష కూడా పెడతారు. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెద్ద కంపెనీలతో కలిసి ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టింది. మొదలుపెట్టినప్పుడు 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు, ఏడాదిపాటు, నెలకు 5 వేలు అన్నారు. పీజీ చదివేవాళ్లకు నాబార్డు విడిగా ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. షరతులు మారుతుంటాయి కాబట్టి ప్రకటన మీరే చదవండి, పక్కింటివాడు చెప్పింది నమ్మకండి. ఏదైనా సరే, చివర్లో ఉద్యోగం ఖాయం అని ఎవరూ రాసివ్వరు. అయినా వెళ్లమనే నేను చెబుతాను. పంట రుణం ఫైలు ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో లోపల నుంచి చూసిన పిల్ల ఊళ్లో ఒక్కతి ఉన్నా ఊరికి లాభమే.

ఇక అసలు సంగతి. ఈ సభకు ముందు కొంతమంది పిల్లలు రాసిన పరిచయాలు తెప్పించుకుని, మా మేనల్లుడి చేత తెలుగులో చెప్పించుకున్నాను. అందరివీ ఒకటే. ‘నేను కష్టపడే స్వభావం గలవాణ్ణి, చురుకైనవాణ్ణి, బృందంలో బాగా పనిచేస్తాను, పేరున్న మీ సంస్థలో నా నైపుణ్యాలు పెంచుకోవాలనుకుంటున్నాను.’ పేర్లు తీసేస్తే ఎవరిది ఎవరిదో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. ఒకే నారుమడిలోంచి పీకినట్టున్నాయి. బ్యాంకులో కూర్చున్న ఆఫీసరు అలాంటివి రోజుకెన్ని చూస్తాడో ఆలోచించండి. ఫోన్లో అడిగితే క్షణంలో రాసిచ్చే సాధనాలు వచ్చాయి కదా, అవి రాసిచ్చేదీ ఇదే. వాటికి మీ ఊరు తెలియదు, మీ ఇల్లు తెలియదు.

నాకు బాధేసింది ఇంకోచోట. తండ్రి వృత్తి అని ఉన్న దగ్గర ఎక్కువమంది ‘బిజినెస్’ అని రాశారు. ఒక అమ్మాయి కూడా అలాగే రాసింది. వాళ్ల నాన్న నాకు తెలుసు. సొంతానికి సెంటు లేదు, మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. “ఎందుకమ్మా అలా రాశావు?” అంటే, “కౌలు రైతు అని రాస్తే అప్పులవాళ్లు అనుకుంటారు బాబాయ్, బ్యాంకు వాళ్లు కదా” అంది. ఆ పిల్లను తప్పుపట్టను. కౌలు రైతును బ్యాంకులో ఎలా చూస్తారో చిన్నప్పటి నుంచి చూసింది. ఆంధ్రలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డు ఇస్తామన్నారు. ఆ కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. కార్డు లేకపోతే బ్యాంకు రుణం లేదు. అప్పుడు కమీషన్ కొట్టుకే వెళ్లాలి, పంట వాడికే తోలాలి. వాళ్ల ఇంట్లో ఏటా జరిగేది ఇదే.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. “ఇంట్లో లెక్కలు ఎవరు రాస్తారు?” “నేనే.” “ఏం రాస్తావు?” మందుల కొట్టు ఖాతా, కూలీల లెక్క, కౌలు ఎంత, కొట్టులో వడ్డీ ఎంత పడింది, యార్డులో తూకం ఎంత వచ్చింది, తరుగు కింద ఎంత కోశారు – అన్నీ ఇంటర్ నుంచి ఒక నోటు పుస్తకంలో రాస్తోంది. వాళ్లమ్మ ఉన్న డ్వాక్రా సంఘానికి మినిట్స్ పుస్తకం, పొదుపు లెక్క కూడా తనే. నెలనెలా వాయిదా కట్టడానికి బ్యాంకుకు వెళ్తుంది, చీటీ తనే నింపుతుంది. చుట్టుపక్కల ముసలివాళ్లకు పీఎం కిసాన్ ఈకేవైసీ ఫోన్లో చేసిపెడుతుంది. ఇన్ని చేసిన పిల్ల, రాసుకున్న కాయితంలో మాత్రం ‘నాకు బ్యాంకింగ్ మీద ఆసక్తి’ అని ఒక్క ముక్క రాసి వదిలేసింది!

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. తెలుగులోనే రాశాం, ఇంగ్లిషు తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాం. తను ఒప్పుకుంది కాబట్టి, గుర్తులు తీసేసి చదువుతున్నాను.

“నేను బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న కౌలు రైతు, మూడెకరాల్లో మిరప సాగు చేస్తారు. ఐదేళ్లుగా మా సాగు ఖర్చులు, అప్పులు, అమ్మకాల లెక్క నేనే రాస్తున్నాను. నిరుడు కమీషన్ కొట్టు అప్పుకు మేము కట్టిన వడ్డీని, అదే డబ్బు పంట రుణంగా దొరికి ఉంటే కట్టవలసిన వడ్డీతో పోల్చి చూశాను. ఆ తేడాతో మా ఇంట్లో ఒకరి కాలేజీ ఫీజు కట్టవచ్చు. మా అమ్మ ఉన్న పది మంది పొదుపు సంఘానికి రెండేళ్లుగా పుస్తకాలు రాస్తున్నాను. ఒక వాయిదా కూడా తప్పలేదు. రుణం కోసం వచ్చే రైతు ఏ కాయితం దగ్గర ఆగిపోతాడో నాకు తెలుసు. బ్యాంకు ఆ అర్జీని ఎలా పరిశీలిస్తుందో తెలియదు. అది నేర్చుకోవాలని ఈ ఇంటర్న్‌షిప్‌కు అర్జీ పెడుతున్నాను. తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చు. ఇంగ్లిషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడటం ఇంకా సాధన చేస్తున్నాను. ఎక్సెల్‌లో పట్టికలు వేయగలను. మే 1 నుంచి రాగలను.”

అంతే. ఒక పేజీ కూడా లేదు. ఇందులో కష్టపడతాను అన్న మాట లేదు, ఐదేళ్లు లెక్క రాశానన్నాక ఆ మాట ఎందుకు? నిజాయితీపరురాలిని అనీ లేదు, ‘తెలియదు’ అని రాసిన చోటే అది కనబడుతుంది. జాలి మాట కూడా లేదు చూశారా? ఇది పిల్లలు గట్టిగా పట్టుకోవాలి. కొందరు దాచేస్తారు, కొందరు ఇంకో చివరకు పోయి ‘మాది నిరుపేద కుటుంబం, మీరే దిక్కు’ అని రాస్తారు. మనం బ్యాంకును దానం అడగడం లేదు. వాళ్లకు పనికొచ్చేది మన దగ్గర ఉందని చెబుతున్నాం.

పనికొచ్చేది నిజంగా ఉందా అని అనుమానం ఉన్నవాళ్లకు ఒక లెక్క చెబుతాను. బ్యాంకులు ఇచ్చే మొత్తం అప్పుల్లో 18 శాతం వ్యవసాయానికి, అందులోనే 10 శాతం సన్న, చిన్నకారు రైతులకు వెళ్లాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇది బ్యాంకు దయ కాదు, చెయ్యవలసిన పని. ఆ పని జరగాలంటే అడంగల్‌కూ 1బికీ తేడా తెలిసినవాళ్లు, ఈ-పంట నమోదులో పేరు ఎవరిది పడిందో చూడటం వచ్చినవాళ్లు బ్రాంచిలో ఉండాలి. దూరం నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరుకు మన మాటే అర్థం కాదు. పాపం ఆయన తప్పు కూడా కాదది. మధ్యలో దళారీ దూరేది ఆ సందులోనే.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. 1951లో దేశమంతా గ్రామీణ పరపతి మీద సర్వే మొదలుపెట్టారు. రైతు తీసుకున్న అప్పులో వాణిజ్య బ్యాంకులు ఇచ్చింది నూటికి రూపాయి కూడా లేదని తేలింది. ఆ తర్వాతే 1955లో స్టేట్ బ్యాంకు, 1969లో 14 బ్యాంకుల జాతీయకరణ వచ్చాయి. మన బందరులో డాక్టరుగా ఉన్న భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అది 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ పేరు బోర్డు మీద లేకపోవడం నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది, సరే, అది వేరే సభలో మాట్లాడుకుందాం. ‘ఈ బ్యాంకులోనే ఎందుకు’ అని అడిగినప్పుడు ‘పేరున్న సంస్థ’ అని రాసే బదులు, మీ ఊరికీ ఆ బ్రాంచికీ ఉన్న సంబంధం ఒక్క వాక్యంలో రాయండి. మీ సంఘానికి లింకేజి రుణం అక్కడే వచ్చిందా? మీ నాన్న కిసాన్ కార్డు అక్కడే ఉందా? గ్రామీణ బ్యాంకు అయితే పేరు సరిగా చూసుకోండి. 2025లో తెలంగాణలో జనవరి నుంచి, ఆంధ్రలో మే నుంచి రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు అయింది. పాత పేరుతో అర్జీ రాస్తే మొదటి వరసలోనే పరువు పోతుంది.

రాసేముందు పంట రుణం సంగతి కాస్త తెలుసుకుని వెళ్లండి, ఇంటర్వ్యూలో అడిగితే నోరు తెరవకూడదు కదా. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. ఏ పంటకు ఎకరానికి ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. దాన్నే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. ఇవి పిల్లలకే కాదు, వెనక కూర్చున్న నాన్నలకూ చెబుతున్నాను. రెన్యువల్‌కు నాలుగు రోజులు ఆలస్యమై ఆ 3 శాతం పోగొట్టుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. చెయ్యని పని రాయకండి. సంఘం పుస్తకం రాశానంటే “తీర్మానం ఎలా రాస్తారు?” అని అడుగుతారు, రాసినవాళ్లకే జవాబు వస్తుంది. ఊళ్లో ఎవరికి ఎంత అప్పుంది, ఎవరు ఎగ్గొట్టారు అన్నవి మీకు తెలిసినా, పేర్లతో ఎక్కడా రాయవద్దు. పక్కవాడి ఖాతా గుట్టు కాపాడలేనివాళ్లను బ్యాంకు లోపలికి రానివ్వదు. నాన్న అప్పు గురించి దిగులు పడకండి. బ్యాంకు ఉద్యోగ ప్రకటనల్లో రుణ చరిత్ర బాగుండాలని షరతు పెడుతున్నారు, అది అభ్యర్థి సొంత చరిత్ర. అందుకే ఫోన్లో యాప్ అప్పుల జోలికి మాత్రం పోవద్దు, ముఖ్యంగా మగపిల్లలు.

బ్యాంకులో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తానని డబ్బడిగేవాడు దొంగ. అప్రెంటిస్ పరీక్షకు ఫీజు ఉంటే ప్రకటనలో చెప్పిన చోటే కట్టాలి. ఎవరి సొంత ఫోన్ నంబరుకూ రూపాయి పంపకండి. ఇప్పటికే పంపినవాళ్లుంటే సిగ్గుపడకుండా 1930కి ఫోన్ చెయ్యండి, సంఘానికీ చెప్పండి. పోలీస్ స్టేషనుకు కూడా మేమొస్తాం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు రాసుకోవడానికి ఇంట్లో లెక్క ఉండాలి. చాలా ఇళ్లలో కౌలు, ఎరువు, మందు, కూలీ అంతా నోటిలెక్కే. కొట్టువాడి చీటీయే మన చీటీ. ఈ సీజన్ నుంచి ఆ పుస్తకం మీ పిల్లకో పిల్లవాడికో అప్పగించండి. కొట్టు దగ్గరకు వెంట తీసుకెళ్లండి. యార్డుకు తీసుకెళ్లండి, తూకం దగ్గర నిలబెట్టండి. బ్యాంకుకు వెళ్లినప్పుడు బయట బండి దగ్గర కాపలా పెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి.

ఇంగ్లిషులో పెట్టే సంగతి మిగిలింది. మన హైస్కూలు ఇంగ్లిషు మాస్టారు ఆదివారాలు రెండు గంటలు కూర్చుంటానన్నారు. ముందు తెలుగులో రాసి తెస్తేనే చూస్తానన్నారు, అది ఆయన షరతు. చిన్న వాక్యాలు చాలు. డిక్షనరీలో పెద్ద మాటలు వెతకవద్దు.

కాయితాలు తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు బయటికి తీయండి. టీ వస్తోంది. తాగేలోపు తండ్రి వృత్తి దగ్గర ‘బిజినెస్’ అని ఉన్నవాళ్లు కొట్టేసి మళ్లీ రాయండి. తర్వాత ఒక్కొక్కరే ఈ బల్ల దగ్గరికి రండి, చదువుదాం.